పడినవాడి మొహం

స్టంటు పనిలో చేరే కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. మేడ మీద నుంచి దూకితే నడుము పట్టకుండా ఎట్లా పడాలి, గుర్రం మీద నుంచి ఎటువైపు జారాలి అని అడుగుతారు. కాఫీ ఇచ్చి పంపిస్తాను. అవి కుర్చీలో కూర్చుని నేర్చుకునేవి కావు. కొన్నాళ్ళు మట్టి కరిస్తే వాటంతటవే వస్తాయి. వాళ్ళు అడగనిది ఒకటుంది. మనం పడితే జనం నవ్వుతారు, ఆ నవ్వు కోసమే మనకు కూలి ఇస్తారు. ఆ నవ్వు ఎవరి ఒంట్లో నుంచి వస్తోందో చూసుకోవడం ఈ పనిలో సగం. ఆ సంగతి నాకు తెలిసింది పెద్ద హీరోల సినిమాల్లో కాదు. పిల్లల కోసం తీసిన ఒక చిన్న సైకిళ్ళ సినిమాలో. దాని పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు, నేనూ చెప్పను. జరిగింది మాత్రం ఈ పనిలోకి వచ్చే మీకోసం రాస్తాను.

సైకిలు షాపు ముందు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాది నంద్యాల. చదువు అబ్బలేదు, కుస్తీ అబ్బింది. మద్రాసు చేరి మునుస్వామి మాస్టర్ దగ్గర స్టంటు పనికి కుదిరాను. మాస్టర్ తక్కువ మాట్లాడే మనిషి. ఎవరైనా దెబ్బ తగిలించుకుంటే తిట్టేవాడు, తగలకుండా చేస్తే ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనలేదంటే మెచ్చుకున్నాడని మేమే అర్థం చేసుకోవాలి.

ఒక డైరెక్టర్ పిల్లల సినిమా తలపెట్టి మాస్టర్‌ను పిలిచాడు. కథ సులువైనదే. ఊళ్ళో దూది బేళ్ళు ఎత్తుకుని జీపులో పారిపోతున్న దొంగలను ఐదుగురు పిల్లలు సైకిళ్ళ మీద తరిమి పట్టుకుంటారు. దారి పొడుగునా పడటాలు, గుద్దుకోవడాలు, దొంగలు బురదలో దొర్లడాలు. పిల్లలు నవ్వాలి, చప్పట్లు కొట్టాలి. కాలువ గట్టు, నల్లరేగడి చేలు, వెనకాల నల్లమల కొండలు కావాలని నంద్యాల, ఆళ్ళగడ్డల మధ్య తీద్దామన్నారు. నేను ఆ పక్కవాణ్ణి కాబట్టి సైకిలు తొక్కే పిల్లలను వెతికే పని నా మీద పడింది.

పెద్దగా వెతకలేదు. ఆళ్ళగడ్డలో సైకిలు షాపు ముందు నిలబడితే సరిపోయింది. పిల్లలు గంట బాడుగకు సైకిళ్ళు తీసుకుని రోడ్డంతా తిరుగుతున్నారు. అన్నీ పెద్దవాళ్ళ సైకిళ్ళే. సీటు మీద కూర్చుంటే కాళ్ళు అందవు. అందుకని కుడికాలు బారు కింది నుంచి అవతలి పెడలు మీదికి దూర్చి, ఒళ్ళంతా ఎడమపక్కకు వేలాడేసి తొక్కుతారు. సైకిలు ఒక పక్కకు, పిల్లవాడు ఒక పక్కకు వంగి పోతుంటే కొత్తవాళ్ళకు ఇప్పుడే పడిపోతారేమో అనిపిస్తుంది. వాళ్ళు పడరు.

వాళ్ళలో ఓబులేసు అనే పిల్లవాడు ఒంటిచేత్తో తొక్కుతూ రెండో చేత్తో చింతకాయ కొరుక్కుంటున్నాడు. పన్నెండేళ్ళుంటాయేమో. తండ్రి నంద్యాలలో దూది మిల్లు పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. తల్లి తిమ్మక్క కూలికి పోయేది. వాణ్ణి ఆపి సినిమాలో తొక్కుతావా అని అడిగాను.

"తొక్కితే సినిమాలో నేను కనపడ్తానా అన్నా?" అన్నాడు.

"కనపడకపోతే ఎందుకురా పిలిచేది?" అన్నాను. అప్పటికి నేను అట్లాగే అనుకున్నాను.

చిన్న సైకిళ్ళు

యూనిట్‌వాళ్ళు మద్రాసు నుంచి పిల్లల కోసం ప్రత్యేకంగా చిన్న సైకిళ్ళు రైల్లో వేయించుకుని తెచ్చారు. ఎర్రరంగు, మెరిసే గంటలు. పిల్లలు వాటిని చూసి ముట్టుకోవడానికి కూడా జంకారు. తీరా ఎక్కించి తోస్తే అందరూ వరసగా ఎడమపక్కకే పడ్డారు. ఎత్తి నిలబెట్టి మళ్ళీ తోస్తే మళ్ళీ ఎడమపక్కకే. ఒళ్ళు వేలాడేసి తొక్కడం అలవాటైన పిల్లలకు నిటారుగా కూర్చుంటే తూకం కుదరలేదు. డైరెక్టర్ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక ఆయనకో మంచి ఆలోచన వచ్చింది, అది ఒప్పుకోవాలి. "పెద్ద సైకిళ్ళే ఇవ్వండి వీళ్ళకి. వీళ్ళు ఎట్లా తొక్కుతారో అట్లాగే తీద్దాం. జీపుని అట్లా తరుముతుంటే చూడ్డానికి ఎంత బావుంటుంది," అన్నాడు.

చిక్కు ఒకటే. ఐదుగురిలో కథానాయకుడు మద్రాసు పిల్లవాడు. నాలుగైదు సినిమాల్లో వేసినవాడు. యూనిట్ అంతా బాబు అని పిలిచేవాళ్ళం. మంచి పిల్లవాడే, ఏడిపించినా నవ్వేవాడు. సీటు మీద కూర్చుని తొక్కగలడు గానీ బారు కింద కాలు దూర్చడం వాడి వల్ల కాలేదు. వాడికి బదులు తొక్కే పిల్లవాడు కావాలి. మాస్టర్ అందరినీ గట్టు మీద తొక్కించి చూసి ఓబులేసును తీసుకున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు ఈ పనిలో ఉన్న అన్యాయం. అంతంతమాత్రం తొక్కే మిగతా నలుగురూ తమ మొహాలతో తాము సినిమాలో ఉంటారు. అందరికంటే బాగా తొక్కేవాడు బాబు చొక్కా వేసుకుని, బాబు టోపీ కళ్ళ మీదికి లాక్కుని, కెమెరాకు వీపు చూపిస్తూ పోవాలి. పని బాగా వచ్చినవాడికి దక్కేది అదే. మీకూ అదే దక్కుతుంది. అది నచ్చనివాళ్ళు ఇప్పుడే వేరే పని చూసుకోవడం మేలు.

మాస్టర్ వాడి దగ్గర దాచలేదు. కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఓబులేసు నేలకేసి చూశాడు.

"మాయమ్మకు తెలుస్తాదా, తొక్కేది నేనేనని?"

"తొక్కే తీరు చూస్తే తెలీదూ?" అన్నాడు మాస్టర్.

"తెలుస్తాది," అన్నాడు వాడు. అన్నాక వెళ్ళి టోపీ తెచ్చుకున్నాడు.

రోజులు గడిచేకొద్దీ మాస్టర్‌కు వాడంటే గురి కుదిరింది. కాస్త పెద్దయ్యాక మద్రాసు తీసుకుపోయి పని నేర్పిస్తానన్నాడు. ఆయన అట్లాంటి మాట ఇంకెవరికీ ఇవ్వగా నేను వినలేదు.

బూట్లు

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. మీకు పనికొచ్చేది ఇదే.

జీపు గట్టు మీద పోతుంటుంది. దొంగలు వెనక్కి చూసి భయపడి బండి ఆపేస్తారు. వెనకాల వస్తున్న పిల్లవాడు జీపు పక్కనుంచి సైకిలుతో సహా గట్టు దిగి గడ్డివాములో దూకాలి. మేము వరిగడ్డి మందంగా పరిచాం, కింది మట్టిని నాగలితో దున్నించి మెత్తన చేయించాం. సైకిలుకు కొత్త బ్రేకులు వేయించాం. రిహార్సలు చాలాసార్లు చేశాం. ప్రతిసారీ ఓబులేసు నవ్వుకుంటూ గడ్డిలోంచి లేచి వచ్చాడు. ఇంతకంటే జాగ్రత్త పడేదేముంది అనుకున్నాం అందరం.

కథలో బాబు పట్నం పిల్లవాడు కాబట్టి కాన్వాసు బూట్లు వేసుకుంటాడు. ఓబులేసుకూ అవే కావాలి. దుస్తులు చూసే మనిషి దగ్గర ఉన్న జత వాడి కాలికి కాస్త పెద్దది. బూటు ముందుభాగంలో గుడ్డపీలికలు కుక్కి బిగించాడు. రిహార్సళ్ళకు వేస్తే దుమ్ము పట్టి మాసిపోతాయని షాటుకు మాత్రమే వేశాడు. ఆ రోజుల్లో ఎక్కడైనా అదే పద్ధతి. దుస్తులు పాడు కాకూడదని రిహార్సలు మామూలు బట్టల్లో చేయడం, కెమెరా తిరిగేటప్పుడు అసలు బట్టలు కట్టడం. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

షాటులో జీపు రిహార్సల్లో ఆగిన చోటికంటే కాస్త ముందే ఆగింది. ఓబులేసుకు పక్కకు తిరగడానికి సందు లేదు. ఆగాలి. చేతి కింద కొత్త బ్రేకు ఉంది. వాడి చెయ్యి దాని మీదికి పోలేదు, కాలు పోయింది.

బాడుగ సైకిళ్ళకు బ్రేకులు పనిచేయవు. ఆ ఊరి పిల్లలకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సైకిలు ఆపడమంటే ఎడమకాలు పెడలు మీద నుంచి తీసి, అరికాలు ముందు టైరు మీద అదిమి పెట్టడమే. ఎంత అదమాలో, ఎప్పుడు తీయాలో ఆ ఒట్టికాలికి తెలుసు. బూటుకు తెలియదు. గుడ్డలు కుక్కిన ఆ ముందుభాగం చక్రానికీ దాన్ని పట్టుకున్న ఇనుప కడ్డీకీ మధ్య ఇరుక్కుపోయింది. చక్రం ఠక్కున ఆగింది. పిల్లవాడు హ్యాండిలు మీద నుంచి గాల్లోకి లేచాడు. టోపీ ఎగిరిపోయింది. వాడి మొహం నోరు తెరుచుకుని నేరుగా కెమెరా వైపు తిరిగింది. కాలు మాత్రం చక్రంలోనే ఉండిపోయింది.

గట్టు మీద గుమిగూడిన జనం నవ్వారు. సినిమావాళ్ళు ఏదో చేశారనుకున్నారు. మేము పరుగెత్తడం చూశాక ఆగారు.

నంద్యాల ఆసుపత్రికి జీపులోనే తీసుకుపోయాం. దొంగల వేషాల్లో ఉన్నవాళ్ళే వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. ఎముకలు అతుక్కున్నాయి గానీ చీలమండ దగ్గర కీలు బిగుసుకుపోయింది. ఇక ఆ పాదం పైకీ కిందికీ ఆడదన్నారు. నడుస్తాడు, ఎగుడుదిగుడుగా. దూకడం, పరుగెత్తడం, మద్రాసు, ఆ మాటలు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నేను మాస్టర్‌నయ్యాక రిహార్సలు కూడా అసలు బట్టల్లోనే చేయించాను. బూటు, బెల్టు, తలపాగా, అన్నీ. పట్టుపంచెలు మాసిపోతున్నాయని ఒక నిర్మాత నా మీద కేకలేశాడు. పంచె పోతే ఇంకోటి వస్తుందని చెప్పి నా పని నేను చేసుకున్నాను. ఆయన మళ్ళీ నన్ను పిలవలేదు. నాకేం నష్టం కాలేదు. ఇంకోటి. మనిషికి కొత్త వస్తువు ఇచ్చినప్పుడు అది గట్టిదా కాదా అని చూసి ఊరుకోకండి. ఆ మనిషి ఇంతకుముందు ఏం వాడాడో, భయం వేస్తే చేయీ కాలూ ఎటు పోతాయో అడగండి. భయం వేసినప్పుడు ఎవరూ నేర్చుకున్నది చెయ్యరు, అలవాటైంది చేస్తారు.

ఇద్దరు పెద్దవాళ్ళు

మిగిలిన షాట్లు వేరే పిల్లవాడితో మెల్లగా తొక్కించి ముగించారు. మద్రాసులో ఎడిటింగు మొదలైంది. ఒకరోజు వేసి చూపిస్తే అక్కడున్నవాళ్ళందరూ ఒకచోట పగలబడి నవ్వారు. ఓబులేసు పడిన చోట. డైరెక్టర్ ఆ ముక్కను ఉంచేశాడు. అందులో కనిపించేది బాబు మొహం కాదు కదా అని ఎడిటర్ అన్నాడు. "కనురెప్ప పాటు కదయ్యా, పైగా దుమ్ము. ఎవరూ పోల్చుకోరు," అన్నాడు డైరెక్టర్. పడినచోటి నుంచి కోసి, బాబు గడ్డిలోంచి లేచి దుమ్ము దులుపుకుని దొంగలకు నాలుక బయటపెట్టి వెక్కిరించే ముక్క అతికించాడు. నిజం చెప్పాలంటే అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు.

మాస్టర్ చూసి బయటికి వచ్చి డైరెక్టర్‌ను నిలబెట్టాడు.

"ఆ ముక్క తీసేయండి."

"ఎందుకు? సినిమాలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు."

"అది పడటం కాదు సార్. కాలు పోవడం."

"చూసేవాడికి తెలుస్తుందా?"

"నాకు తెలుస్తుంది," అన్నాడు మాస్టర్.

ఆ డైరెక్టర్‌ను చెడ్డవాడని రాయను. ఆసుపత్రికి ఆయనా వచ్చాడు, పిల్లవాడికి కావలసినవన్నీ చూశాడు. కానీ తెర మీద కనిపించేదే నిజం, తెర వెనకది మనం మోసుకోవాల్సిన బరువు అని నమ్మే రకం. ఈ పనిలో మీకు ఎక్కువగా తగిలేది అట్లాంటివాళ్ళే. మాస్టర్‌లాంటివాళ్ళు ఒకరో ఇద్దరో తగిలితే మీ అదృష్టం. చివరికి డైరెక్టర్ మెత్తబడి, "సరే, పిల్లవాడి ఇంట్లోవాళ్ళు వద్దంటే తీసేస్తాను. వెళ్ళి అడగండి," అన్నాడు. మాస్టర్‌కు ఆ తల్లి ఎదురుగా నిలబడే ధైర్యం లేకపోయింది. నన్ను పంపాడు.

ఆళ్ళగడ్డలో

తిమ్మక్క ఇంటిముందు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఓబులేసు గోడకానుకుని కాలు చాపుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. వచ్చిన పని చెప్పాను. ఆమె చేతులు ఆపలేదు.

"నా కొడుకు కాలిరిగింది సూసి జనం నగాల్నా?" అంది.

"వద్దంటే తీసేస్తారక్కా. ఆ మాట అడిగేదానికే వచ్చినా."

"వద్దు. తీసెయ్యమని సెప్పు. నవ్వుకునేదానికి మావాడే దొరికినాడా మీకు?"

నాకు బరువు దిగినట్టయింది. మాస్టర్‌కు చెప్పవలసిన మాట దొరికిందనుకుని లేచాను.

"తీయద్దన్నా," అన్నాడు ఓబులేసు.

తల్లి వాడివైపు చూసింది. "నువ్వు ఊరకుండు."

"మిగతా దాంట్లో అంతా ఈపే గదమ్మా. ఆ టోపీ పెట్టుకుంటే నేనో ఇంకొకడో ఎవురికి తెలుస్తాది? ఆ పడినకాడ ఒక్కసోటే నా మొగం ఉండేది. అది తీసేస్తే నేను సినిమాలో లేనట్లే." నావైపు తిరిగి అడిగాడు. "కనపడ్తాదా అన్నా, మొగం? బాగా కనపడ్తాదా?"

"కనపడ్తాది," అన్నాను.

"అయితే ఉండనీ."

"నగుతార్రా," అంది తల్లి.

"నగనీలేమ్మా. నగేదానికే గదా తీసింది."

తిమ్మక్క మిరపకాయల వైపే చూస్తూ ఇంకో గుప్పెడు తొడిమలు తీసింది. కారం చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు కాబట్టి మోచేత్తో ఒత్తుకుంది. అక్కడ నిలబడలేక నేను వీధిలోకి నడిచాను. తర్వాత ఆమే నన్ను వెనక్కి పిలిచింది.

"వాడు అడగతాండాడు గదా, ఉండనీ అప్పా. కానీ బొమ్మ వచ్చినప్పుడు నన్ను పిలుచుకపో. నేనూ సూడాల."

మద్రాసు పోయి చెబితే డైరెక్టర్ సంతోషించాడు. మాస్టర్ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం నాకు బాధగా తోచింది ఆ ఒక్కసారే.

మాట్నీ

సినిమా నంద్యాలకు వచ్చినప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. ఆళ్ళగడ్డ పోయి తల్లీకొడుకులను బస్సులో పిలుచుకొచ్చాను. తండ్రి మిల్లులోనే ఉండి కూడా రాలేదు. చూడలేనన్నాడు. తిమ్మక్క అంతకుముందు సినిమా ఎరగదు. మాట్నీకి ముగ్గురం బెంచీల వరసలో కూర్చున్నాం, ఆమె మధ్యలో. ముందువైపు నేల క్లాసంతా పిల్లలే.

సైకిళ్ళు గట్టెక్కేసరికి హాలు దద్దరిల్లింది. వెనకనుంచి కనిపిస్తున్న టోపీ పిల్లవాణ్ణి చూసి తిమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. "వాడే. మావాడే," అంది. తొక్కే తీరు చూసి పోల్చుకుంది. ఓబులేసు తల్లి మొహం వైపు చూసి మళ్ళీ తెరవైపు తిరిగాడు.

జీపు ఆగింది. సైకిలు ఆగింది. వాడు గాల్లోకి లేచాడు. టోపీ ఎగిరిపోయి ఆ మొహం తెర నిండా ఒక్క క్షణం వెలిగింది. హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ముందు కూర్చున్న పిల్లలు నేలను గుద్దుతూ నవ్వారు. నేను ఓబులేసు వైపు చూశాను. వాడూ నవ్వుతున్నాడు, కళ్ళు పెద్దవి చేసుకుని, తెర మీద ఉన్న తనను చూసి. ఆ మొహంలో ఏ బాధా లేదు. అది చూసి నాకు కాస్త ఊపిరాడింది.

తర్వాతి ముక్కలో బాబు గడ్డిలోంచి లేచాడు. దుమ్ము దులుపుకున్నాడు, నాలుక బయటపెట్టి వెక్కిరించాడు, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. హాలు చప్పట్లు కొట్టింది.

తిమ్మక్క నా చెవి దగ్గరికి వంగింది.

"పడింది మావాడు గదప్పా. ఆ లేసిందెవురు?"

"అది మద్రాసు పిల్లోడక్కా. బాబు."

"మరి మావాడు లేసేది యాడ సూపిస్తారు?"

మేమందరం అప్పుడు పరుగెత్తామనీ, కెమెరా ఆపేశారనీ ఆమెకు ఎట్లా చెప్పను? ఆమె సర్దుకుని కూర్చుని తెరవైపు తిరిగింది. దొంగలు దొరికారు, ఊరంతా పిల్లలను భుజాల మీద ఊరేగించింది, పాట వచ్చింది, అయిపోయింది. జనం లేచి వెళ్ళిపోతున్నారు. దీపాలు వెలిగాక కూడా తిమ్మక్క ఖాళీ తెరకేసి చూస్తూ అట్లాగే కూర్చుని ఉంది. తన కొడుకు లేచేది ఇంకా వస్తుందని.